రహీమ్ సాబ్‌కు విగ్రహం వద్దు, పిల్లలకు గ్రౌండు తెరవండి: క్రీడాధికారులకు, ఫుట్‌బాల్ పెద్దలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ఆటల వ్యవహారాలు చూసే అధికారులకు, బడుల పాలన చూసే అధికారులకు, ఫుట్‌బాల్ సంఘాల పెద్దలకు,

నమస్కారం. నేను బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఒకప్పుడు నగర లీగుల్లో ఆడి, ఇప్పుడు సాయంత్రాలు బస్తీ పిల్లలకు డబ్బు తీసుకోకుండా ఆట నేర్పుతున్న కొందరు మిత్రుల తరఫున కూడా ఈ లేఖ రాస్తున్నాను. మీకు పనులెక్కువని తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

రహీమ్ సాబ్ గుర్తుగా బడి గ్రౌండ్లు పిల్లలకు తెరవాలని రెండేళ్లలో మూడు అర్జీలు ఇచ్చాం. మొదటిదానికి ముద్ర వేసిన రసీదు వచ్చింది, జవాబు రాలేదు. రెండోదాన్ని ‘ఇది మా పరిధి కాదు’ అని ఇంకో కార్యాలయానికి పంపారు. ఆ కార్యాలయం దాన్ని తిప్పి మొదటి చోటికే పంపింది. మూడోది ఇవ్వడానికి నేనే వెళ్లాను. కాగితం మీద సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే పేరు చూసి అక్కడి కుర్రాడు ‘ఈయన ఏ డివిజన్ కార్పొరేటరండీ?’ అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఆ కార్యాలయం పేరు రాయను, ఆ కుర్రాణ్ణి తప్పూ పట్టను. బడిలో ఎవరూ చెప్పని పేరు అతనికి ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ, నాలుగో అర్జీ ఇక లోపల ఇవ్వకూడదు, అందరి ముందూ రాయాలి అనుకున్నాను.

కాబట్టి ముందు, భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా చేసిన ఆ రహీమ్ సాబ్ ఎవరో చెప్పాలి. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

రహీమ్ సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆ జట్టుకు ఆడారు. తర్వాత నగర లీగులో ఖమర్ క్లబ్‌కు ఆడారు. పొట్టకూటికి చేసింది మాత్రం మాస్టారు ఉద్యోగం. కాచిగూడ బడిలోనూ, చాదర్‌ఘాట్ బడిలోనూ పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. అంటే హైదరాబాద్ పోలీసులు బొంబాయికి వెళ్లి, కలకత్తా, బెంగళూరు జట్లు కూడా కన్నేసిన కప్పును ఐదేళ్లు ఎవరికీ దక్కనివ్వలేదు. డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారు. 1956-57లో, 1957-58లో రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే వచ్చింది.

భారత జట్టు కోచ్‌గా ఆయన లెక్క ఇంతకన్నా పెద్దది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచారు. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ ఓటమిని కూడా దాచకుండా చెప్పాలి. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఉత్తి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే జాతీయ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే కోచ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును సెమీఫైనల్ దాకా తీసుకెళ్లారు. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం దక్కింది. మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఇప్పటికీ అంతకన్నా పైకి పోలేదు. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు, హంగరీతో 2-1 తేడాతో ఓడారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు మనం అర్హతే సాధించలేదు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ అధికారి తప్పుపట్టడంతో స్టేడియమంతా మన జట్టు మీద కేకలు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటి మనిషితో డిఫెన్స్ ఆడిస్తే ప్రమాదం, పక్కన కూర్చోబెడితే జట్టుకు నష్టం. రహీమ్ సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్, కుట్లున్న తలతో జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చింది 1970 బ్యాంకాక్ కాంస్యం ఒక్కటే. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే.

జకార్తా తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ పోయారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు.

పతకాల చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆయన ఆట నేర్పిన తీరు. అది డబ్బుతో పని లేని తీరు, మీరు తలుచుకుంటే రేపే మళ్లీ మొదలుపెట్టగలిగిన తీరు.

ఆయన పిల్లలకూ కుర్రాళ్లకూ విచిత్రమైన నియమాలతో పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, కాలి దగ్గర పెట్టుకుని ఇద్దర్ని మోసం చేసి పోదామనుకుంటే కుదరదు. ఇంకోదాంట్లో వాటం కాని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమవాటం వాడు కుడికాలితో. చెప్పడానికి పిల్లలాటలా ఉంటుంది కానీ ఆడించి చూస్తే తెలుస్తుంది. డ్రిబ్లింగ్ వద్దన్న పది నిమిషాలకు పిల్లల తలలు పైకి లేస్తాయి. బంతి రాకముందే ఎవరు ఖాళీగా ఉన్నారో వెతుక్కోక తప్పదు మరి. బంతి లేనివాడు కూడా పరుగెత్తి చోటు చేసుకోక తప్పదు. మా దగ్గర ఒక పిల్లాడు ఎప్పుడు బంతి దొరికినా ఒంటరిగా గోలు దాకా పోవాలని చూసేవాడు. ఈ నియమం పెట్టిన మొదటి రోజు కోపమొచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. మూడో వారానికి అందరికన్నా మంచి పాసు వాడిదే. ఒక్క బంతి, ఒక విజిల్, కాస్త సున్నం. మాకైన ఖర్చు ఇంతే.

అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈ నేల మీద ఆట నేర్చుకుని రెండు ఒలింపిక్స్ ఆడారు, జకార్తా బంగారు జట్టులోనూ ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ ఇక్కడి నుంచే వెళ్లి కలకత్తా మైదానాలను ఏలారు. ఒక్క ఊరు ఇంతమందిని ఇచ్చిందంటే దాని వెనక బడి, బస్తీ, క్లబ్బు, పోలీసు జట్టు ఒకదానికొకటి అందించుకున్న వరస ఉంది. ఆ వరస తెగిపోయింది. 1966లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచాక మన జట్టుకు మళ్లీ అది దక్కలేదు. 2024 డిసెంబర్‌లో ఆ ట్రోఫీ ఆఖరి దశ పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. ఆతిథ్య తెలంగాణ క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేదు, కేరళను ఓడించి బెంగాల్ కప్పు పట్టుకుపోయింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. పెట్టుబడి పెట్టినవాళ్లు ఎక్కడ లాభమైతే అక్కడికి పోతారు, దానికి ఏడవడం లేదు. పోయినప్పుడు ఊళ్లో ఏం మిగిలిందన్నదే నా బాధ.

మిగలకపోవడం వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో చెబుతాను.

1. సాయంత్రం నాలుగున్నరకల్లా సర్కారు బడి గేటుకు తాళం పడుతుంది. లోపల గ్రౌండు ఖాళీగా ఉంటుంది, బయట రోడ్డు మీద పిల్లలు ఆటోల మధ్య ఆడుతుంటారు. ఆ పక్క వీధిలోనే గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్ ఉంటుంది. ఐటీ ఉద్యోగులు పదిమంది చందాలేసుకుని రాత్రిపూట ఆడుకుంటారు, మంచిదే. ఆటో నడిపే మనిషి కొడుకు వారానికి ఐదు రోజులు ఆడాలంటే ఆ అద్దె ఎవరు కడతారు? ఇరవై ఇద్దరు పిల్లలకు ఒక్క బంతి చాలు కాబట్టే ఇది పేదవాడి ఆట అయింది. ఇప్పుడు నేలకు కూడా అద్దె కట్టాల్సి వస్తోంది.

2. డ్రిల్లు పీరియడు కాగితం మీద ఉంది. పరీక్షలు దగ్గరపడితే అది లెక్కల సారుకు పోతుంది, ఆ తర్వాత సైన్సు మేడమ్‌కు పోతుంది. చాలా బడుల్లో డ్రిల్లు మాస్టారే (పీఈటీ) లేరు, ఉన్నచోట ఆయన చేత మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు చేయిస్తున్నారు. నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని కూడా ఉంది. అపార్ట్‌మెంట్లలో నడిచే ప్రైవేటు స్కూళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ మెట్లే మైదానం.

3. గేటు మూసేస్తే ముందు ఆట మానేసేది ఆడపిల్లలు. మగపిల్లలు రోడ్డు మీదైనా ఆడతారు. ఆడపిల్లను రోడ్డు మీద ఆడనిచ్చే ఇల్లు ఎన్ని? మా దగ్గరికి వచ్చే పదకొండుమంది అమ్మాయిల్లో ఏడుగురు, గ్రౌండు గేటు మూసేసిన నెల రోజుల్లోపే రావడం మానేశారు. వాళ్లలో ఒకమ్మాయి తల్లి నాతో అన్న మాట ఇది: ‘బడి గోడ లోపలైతే పంపిస్తా సార్.’

4. అప్పట్లో ఆట ఉద్యోగానికి దారి. పోలీసు జట్టులో చేరితే జీతం వచ్చేది, ఇల్లు గడిచేది, పొద్దున్నే సాధన చేసేవారు. ఇప్పుడు క్రీడా కోటా అన్న మాట ఉంది కానీ, ఏ శాఖలో ఏ సంవత్సరం ఫుట్‌బాల్‌కు ఎన్ని ఖాళీలు ఉంటాయో ముందుగా ఏ తండ్రికీ తెలియదు. ‘మా వాడు బాగా ఆడతాడు సరే, ఆడితే ఏమొస్తుంది?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పదో తరగతి రాగానే పిల్లల్ని మాన్పించేస్తున్నారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది.

5. చూసినవాళ్లు పోతున్నారు. జకార్తాలో గోల్ కొట్టిన పీకే, కెప్టెన్ చునీ గోస్వామి 2020లో పోయారు. రహీమ్ సాబ్ కొడుకు, రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉండి తర్వాత ఫిఫా రెఫరీగా చేసిన ఎస్.ఎస్. హకీమ్ 2021లో పోయారు. బలరామ్, హబీబ్ 2023లో పోయారు. ఆ తరం జ్ఞాపకాలు ఉర్దూ పత్రికల్లో, ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లో, ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. బార్కస్‌లోనో బొల్లారంలోనో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఒక కథ దొరికేది. ఇప్పుడు చెప్పే మనిషి కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

విగ్రహం అడగడం లేదని పైనే రాశాను. అడిగితే అదొక్కటే ఇచ్చేస్తారేమోనని భయం. ఏడాదికి రెండు దండలు, మిగతా రోజులన్నీ పావురాలు. ఆయన మీద హిందీలో పెద్ద సినిమా కూడా వచ్చింది. చూసి చప్పట్లు కొట్టి వచ్చాం, మర్నాడు పొద్దున గేటుకు అదే తాళం.

మేం అడిగేవి ఇవి.

1. గ్రౌండు ఉన్న ప్రతి సర్కారు బడినీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా, సెలవు రోజుల్లో పొద్దున పూట, ఆ బస్తీ పిల్లలకు తెరవండి. హెడ్మాస్టర్ల భయం మాకు తెలుసు: కిటికీ అద్దం పగిలితే ఎవరు కడతారు, రాత్రి తాగేవాళ్లు చేరితే ఎవరు జవాబుదారీ. అందుకే తాళం చెవి హెడ్మాస్టరు మీద వదిలేయొద్దు. ఒక వాచ్‌మన్, రెండు లైట్లు, తల్లిదండ్రులతో ఒక చిన్న కమిటీ ఉంటే చాలు. మా తరఫున పిల్లలకు బాధ్యత వహిస్తామని పేర్లతో సంతకాలు పెట్టి ఇస్తాం. మొదట పది బడుల్లో ఆరు నెలలు చేసి చూడండి, నష్టం జరిగితే మూసేయండి.

2. ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపండి, ఉన్నవాళ్లను గుమాస్తా పనుల నుంచి తప్పించండి. ఫుట్‌బాల్ మీద ఆసక్తి ఉన్న పీఈటీలకు కోచింగ్ డి లైసెన్స్ ఫీజు సర్కారు గానీ సంఘం గానీ కట్టాలి. మహిళా పీఈటీలకు ముందు అవకాశం ఇవ్వాలి. కోచ్‌లను ఎక్కణ్ణుంచి తేవాలని అడిగేవారికి ఒకటే గుర్తు చేస్తాను, రహీమ్ సాబ్ బడి మాస్టారు.

3. పన్నెండేళ్ల లోపు పిల్లలకు బడుల మధ్య రహీమ్ పేరుతో రెండు పోటీలు పెట్టండి. ఒకటి డ్రిబ్లింగ్ లేనిది, ఒకటి వాటం కాని కాలిది. దయచేసి వీటికి పెద్ద ప్రారంభోత్సవాలు, మైకులు, శాలువాలు పెట్టొద్దు. ఆ శాలువాల డబ్బుతో బంతులు వస్తాయి.

4. ఏ శాఖలో ఫుట్‌బాల్ క్రీడాకారులకు ఎన్ని ఉద్యోగాలో ప్రతి ఏడాది ఒకే తేదీన ప్రకటించండి. పోలీసు శాఖ ఫుట్‌బాల్ జట్టుకు పాత రోజుల్లో ఉన్నంత పట్టింపు మళ్లీ ఉండాలని కోరుతున్నాం. రోవర్స్ కప్పు తెచ్చింది పోలీసులే అని ఆ శాఖలోని కొత్తవాళ్లకు గుర్తు చేసినా మంచిదే.

5. లాల్ బహదూర్ స్టేడియంలో, పాతవాళ్ల నోట ఫతే మైదాన్‌లో, ఒక గది ఇవ్వండి. పాత ఫోటోలు, స్కోరు కార్డులు, ఉర్దూ పత్రికల కత్తిరింపులు, ఆటగాళ్ల ఇళ్లలోని ఉత్తరాలు మేం సేకరించి తెస్తాం. ఉర్దూ చదివి తెలుగులో రాసే మనుషులు ఇద్దరు కావాలి, ఒక స్కానర్ కావాలి. ఇంకా ఉన్న పాత ఆటగాళ్ల మాటలు రికార్డు చేసే పని మాత్రం గది వచ్చేదాకా ఆగకూడదు.

6. ఏడో తరగతో ఎనిమిదో తరగతో, తెలుగు వాచకంలోనైనా సాంఘిక శాస్త్రంలోనైనా సరే, రహీమ్ సాబ్ మీద రెండు పేజీల పాఠం పెట్టండి. హెల్సింకీ ఓటమితో సహా పెట్టండి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో జరిగిపోవాలని అడగడం లేదు. ఆరింటిలో మొదటిదీ మూడోదీ దాదాపు ఖర్చు లేనివి, వాటిని ఈ విద్యా సంవత్సరంలోనే చేయొచ్చు. ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కాదన్నా సరే. ఏ జవాబూ లేకుండా ఫైలు తిరగడం మాత్రం మాకు చాలైంది.

జూన్ 11 రహీమ్ సాబ్ పోయిన రోజు. ఆ రోజు సాయంత్రం ఐదింటికి మేం పిల్లలతో మా బస్తీ బడి గేటు దగ్గరికి వస్తాం. డ్రిబ్లింగ్ లేని మ్యాచ్ ఆడిస్తాం. గేటు తీస్తే లోపల ఆడతాం, తీయకపోతే బయటే ట్రాఫిక్‌కు అడ్డం రాకుండా ఓ పక్కన ఆడతాం. మీలో ఎవరైనా వస్తే విజిల్ మీ చేతికే ఇస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, బస్తీ ఫుట్‌బాల్ మిత్రులు
హైదరాబాద్